కబురు అందని కుడి అండాశయం: ఒక ట్రిగ్గర్ ఫెయిల్యూర్ కేసు

పికప్, అంటే అండాశయం నుంచి సూదితో అండాలు తీసే పని, మొదలై పది నిమిషాలైంది. థియేటర్‌కూ మా ల్యాబ్‌కూ మధ్య ఉన్న చిన్న కిటికీలోంచి ట్యూబులు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఆరో ట్యూబు డిష్‌లో పోసి చూశాను. అప్పటికీ ఒక్క అండం లేదు. స్కాన్‌లో 15 మిల్లీమీటర్లు దాటిన ఫాలికల్స్, అంటే అండం పెరిగే ద్రవం సంచులు, 14 ఉన్న పేషెంట్ ఆమె.

"ఏమైనా ఉందా?" లోపలి నుంచి పికప్ చేస్తున్న డాక్టర్ మేడమ్ అడిగారు.

"ఇంకా లేదు మేడమ్."

ఈ జవాబు చెప్పాల్సి రావడం ఎంత ఇబ్బందో ఐవీఎఫ్ ల్యాబులో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు. ఏడో ట్యూబులో ఒకటి దొరికింది. నిజానికి అది దొరికాకే నాకు టెన్షన్ పెరిగింది.

ట్రిగ్గర్, అంటే అండాలను చివరి దశకు తెచ్చే ఇంజెక్షన్, ఇచ్చిన 36 గంటలకు తీసిన అండం ఎలా ఉంటుందో మా కళ్లకు బాగా అలవాటు. చుట్టూ ఉన్న క్యుములస్ కణాలు ఏకిన దూదిలా విచ్చుకుని, మధ్యలో జిగురు నింపుకుని ఉంటాయి. మైక్రోస్కోప్ కింద పెట్టకముందే మామూలు కంటికి కనబడుతుంది. డిష్‌ను కాస్త వంచితే ఆ ముద్ద సాగుతూ జారుతుంది. ఆ రోజు దొరికింది ఆవగింజలో సగం కూడా లేదు. కణాలన్నీ అండాన్ని గట్టిగా హత్తుకుని, గుండ్రంగా, నల్లగా, గట్టి ఉండలా ఉంది. జిగురు జాడ లేదు. వచ్చిన ద్రవం కూడా తేటగా, లేత పసుపు రంగులో ఉంది. మామూలుగా అయితే ఆ ద్రవంతో పాటు ఫాలికల్ గోడ నుంచి ఊడిన కణాల పొరలు తేలుతూ వస్తాయి. అవీ లేవు.

ఆ ఒక్క ఉండను చూస్తే నాకు ఒక సంగతి అర్థమైంది. ఈమె ఫాలికల్స్‌కు ట్రిగ్గర్ ఇచ్చినట్టే తెలియదు.

ఈ కేసును రాయడానికి కారణం, అదే మనిషిలో, అదే సైకిల్‌లో, రెండు రోజుల తేడాతో హార్మోన్ అందని అండాశయాన్నీ అందిన అండాశయాన్నీ పక్కపక్కన చూడగలగడం. ప్రయోగశాలలో ఎలుకల మీద చేసే పోలిక అనుకోకుండా మా డిష్‌లోకి వచ్చింది. పేషెంట్‌ను గుర్తుపట్టే వివరాలు మార్చాను. జరిగిన క్రమం మాత్రం ఉన్నది ఉన్నట్టే.

పేషెంట్ సంగతి

వయసు 29. సన్నటి మనిషి, బీఎంఐ 18.2. నెలసరి మూడు నాలుగు నెలలకోసారి. పెళ్లికి ముందు కొన్నేళ్లు నెలసరి సరిచేయడానికి గర్భనిరోధక మాత్రలే వాడారు. అండాల నిల్వను చెప్పే రక్తపరీక్ష ఏఎంహెచ్ 6.1, స్కాన్‌లో చిన్న ఫాలికల్స్ 26. ఈ లెక్క చూడగానే ఎవరికైనా మొదట వచ్చే భయం ఓహెచ్ఎస్ఎస్. అంటే అండాశయాలు ఉబ్బి, పొట్టలో నీరు చేరే పరిస్థితి. దాన్ని తప్పించాలన్న ఆలోచనతోనే మొత్తం ప్లాన్ నడిచింది. సైకిల్ మొదలయ్యే ముందు తేదీలు కుదరడానికి మూడు వారాలు మళ్లీ మాత్రలు ఇచ్చాం.

మొదటి రోజు రక్తపరీక్షలో ఎల్‌హెచ్, అంటే అండం విడుదలకు పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్, 0.6 వచ్చింది. అది చాలా తక్కువ. "మాత్రల మీద ఉంది కదా, అందుకే" అని ఒకరం అన్నాం, మిగతావాళ్లం తలూపాం. ఆ తలూపడం దగ్గరే మా పొరపాటు మొదలైంది.

ఫాలికల్స్‌ను పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లు రోజుకు 150 యూనిట్లు, మధ్యలో ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ రెండూ ఉండే హెచ్ఎంజీ 75 కలిపి పది రోజులు. అండాలు ముందే విడుదల కాకుండా ఆరో రోజు నుంచి యాంటాగనిస్ట్. ఎదుగుదల చక్కగా ఉంది. ట్రిగ్గర్ రోజున ఫాలికల్స్ తయారుచేసే హార్మోన్లు ఎస్ట్రాడయోల్ 3,900, ప్రొజెస్టరాన్ 0.7. కుడివైపు 11, ఎడమవైపు 12 ఫాలికల్స్ 12 మిల్లీమీటర్లు దాటాయి. మామూలుగా ట్రిగ్గర్‌గా ఇచ్చే, ఎల్‌హెచ్ లాగే పనిచేసే హెచ్‌సీజీ ఇస్తే ఓహెచ్ఎస్ఎస్ ఖాయమన్నట్టు ఉంది కాబట్టి దానికి బదులు ట్రిప్టోరెలిన్ అనే అగోనిస్ట్ 0.2 మిల్లీగ్రాములు రాత్రి 10 గంటలకు ఇచ్చాం. ఇచ్చింది మా సిస్టరే, క్లినిక్‌లోనే. ఈ వివరం తర్వాత అక్కరకొచ్చింది. ఇంట్లో వేసుకునే ఇంజెక్షన్ అయితే "సరిగ్గా వేసుకున్నారా, ఫ్రిజ్‌లో పెట్టారా, టైమ్ తప్పిందా" అని సగం రోజు వాటి చుట్టూనే తిరిగేవాళ్లం.

అండం చెవిన నేరుగా పడని కబురు

ఇక్కడ కథ ఆపి కాస్త లోపలికి వెళ్లాలి. లేకపోతే ఆ నల్లటి ఉండను చూసి మేమెందుకు కంగారుపడ్డామో అర్థం కాదు.

ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలు మొదటి విభజన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతాయి. ఆ ఆగిన స్థితినే ల్యాబులో జీవీ అంటాం. అండం లోపల పెద్ద కేంద్రకం గుండ్రంగా కనబడుతుంది. ఇరవై, ముప్ఫై ఏళ్లు అలాగే ఉండి, విడుదలయ్యే నెలలో మాత్రమే ముందుకు కదులుతుంది. కదిలించేది పిట్యూటరీ గ్రంథి నుంచి ఒక్కసారిగా ఎగసే ఎల్‌హెచ్. అయితే అండం మీద ఎల్‌హెచ్‌ను పట్టుకునే రిసెప్టర్లు లేవు. దాన్ని అంటుకుని ఉన్న క్యుములస్ కణాల మీదా దాదాపు లేవు. అవి ఉన్నది ఫాలికల్ గోడకు ఉన్న గ్రాన్యులోజా కణాల మీద, వాటి బయట ఉన్న థీకా కణాల మీద. గ్రాన్యులోజా కణాలకు ఆ రిసెప్టర్లు తెచ్చిపెట్టేది అంతకు ముందు పది రోజులు పనిచేసిన ఎఫ్‌ఎస్‌హెచ్. మనం రోజూ పొట్టలో పొడిచే ఇంజెక్షన్ ఫాలికల్‌ను పెద్దది చేస్తుందని మాత్రమే పేషెంట్లు అనుకుంటారు. కబురు వినే చెవులు మొలిపించేది కూడా అదే. ఫాలికల్ చిన్నగా ఉండగానే ట్రిగ్గర్ ఇస్తే ఫలితం రాకపోవడానికి ఒక కారణం ఇదే.

అయితే కబురు గోడ దగ్గర ఆగిపోతే అండానికి ఎలా తెలుస్తుంది? ఇది చాలాకాలం తేలని ప్రశ్న. 2004లో ఎలుకల ఫాలికల్స్ మీద వచ్చిన పని దీన్ని చాలావరకు విప్పింది. ఎల్‌హెచ్ అందుకున్న గోడ కణాలు యాంఫీరెగ్యులిన్, ఎపిరెగ్యులిన్, బీటాసెల్యులిన్ అనే చిన్న ప్రొటీన్లను తయారుచేస్తాయి. అవి మొదట కణం పొరకు అతుక్కుని ఉంటాయి. ఒక ఎంజైమ్ వచ్చి కత్తిరిస్తే ద్రవంలోకి విడుదలై, క్యుములస్ కణాల మీద ఉన్న ఈజీఎఫ్ రిసెప్టర్లను తాకుతాయి. అంటే గోడ విన్న మాటను వేరే భాషలో మార్చి క్యుములస్‌కు చెప్పేది ఇవే. యాంఫీరెగ్యులిన్ ఒక్కటే డిష్‌లో కలిపినా, ఎల్‌హెచ్ లేకుండానే ఎలుక క్యుములస్ విచ్చుకుంటుంది.

రెండో దారి ఇంకా తమాషాగా ఉంటుంది. అండాన్ని ఇన్నేళ్లు ఆపి ఉంచేది కూడా చుట్టూ ఉన్న కణాలే. గోడ కణాలు సీఎన్‌పీ అనే పెప్టైడ్‌ను వదులుతాయి. దాని వల్ల క్యుములస్ కణాల్లో సైక్లిక్ జీఎంపీ అనే చిన్న అణువు తయారవుతుంది. కణానికీ కణానికీ మధ్య ఉన్న గ్యాప్ జంక్షన్లనే సన్నటి సందుల్లోంచి అది అండంలోకి జారుతుంది. క్యుములస్ కణాలు అండం చుట్టూ ఉన్న గట్టి పొరను దాటి చాపిన సన్నటి కాళ్లు ఈ సందుల దాకా వెళ్తాయి. అండంలోకి వెళ్లిన సైక్లిక్ జీఎంపీ ఒక ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. ఆ ఎంజైమ్ పని అండంలోని సైక్లిక్ ఏఎంపీని కరిగించడం. అది అడ్డుపడినంత కాలం సైక్లిక్ ఏఎంపీ ఎక్కువగా ఉండి, అండం జీవీ దగ్గరే ఆగి ఉంటుంది. సీఎన్‌పీ పాత్ర బయటపడింది 2010లో. ఎల్‌హెచ్ రాగానే సీఎన్‌పీ తగ్గుతుంది, సైక్లిక్ జీఎంపీ తయారయ్యే యంత్రం నెమ్మదిస్తుంది, సందులు మూసుకుంటాయి. బ్రేక్ మీద ఉన్న కాలు తీసినట్టు అండం కదులుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. బయటికి తీస్తే అండం తనంతట తానే కదులుతుంది. 1935లోనే పింకస్, ఎంజ్‌మన్ కుందేలు అండాలను ఫాలికల్ నుంచి తీసి డిష్‌లో పెట్టి ఈ విషయం చూశారు. హార్మోన్ ఏదీ కలపకుండానే అవి విభజన మళ్లీ మొదలుపెట్టాయి. ఆపే కణాల నుంచి దూరమైతే చాలు. మా కేసులో ఇది తర్వాత ముఖ్యమైంది.

ఇక జిగురు సంగతి. ఈజీఎఫ్ కబురు అందిన క్యుములస్ కణాలు హయాలురోనన్ అనే పొడవాటి చక్కెర దారాలను బయటికి వదులుతాయి. ఆ దారాలు వదులుగా ఉంటే కరిగిపోతాయి, ముడి పడాలి. ముడివేసే ప్రొటీన్లలో కొన్ని క్యుములస్ కణాలే చేసుకుంటాయి. ఇంకొకటి రక్తం నుంచి రావాలి. ఎల్‌హెచ్ వచ్చాక ఫాలికల్ చుట్టూ ఉన్న రక్తనాళాలు కాస్త వదులై అది లోపలికి దిగుతుంది. నీరు పీల్చుకుని మొత్తం ఉబ్బుతుంది. అండం కూడా ఊరికే కూర్చోదు. జీడీఎఫ్9, బీఎంపీ15 అనే రెండు ప్రొటీన్లను వదిలి క్యుములస్ కణాలకు ఏం చేయాలో చెబుతుంటుంది. ఎలుకల్లో మధ్యలో అండాన్ని తీసేస్తే చుట్టూ ఉన్న క్యుములస్ సరిగ్గా విచ్చుకోదు. హార్మోన్లు ఒక్కటే అంతా చేస్తాయనుకునే విద్యార్థులకు నేను ముందు చెప్పేది ఈ ప్రయోగమే.

విచ్చుకోవడం ఎందుకంటే, ఆ జిగురు ముద్ద ఉంటేనే ఫాలికల్ గోడ నుంచి అండం విడివడుతుంది, విడుదలయ్యాక ఫెలోపియన్ ట్యూబ్ అంచులకు అంటుకుని లోపలికి లాగబడుతుంది. ఐవీఎఫ్‌లో ట్యూబ్ పని మా సూదిది. అయినా మొదటి సగం నియమం మారదు. గోడకు అతుక్కున్న అండం సూదికి రాదు. 11 ఫాలికల్స్ నుంచి ఆ రోజు కుడివైపు వచ్చినవి ఐదే.

థియేటర్‌లో తీసుకున్న నిర్ణయం

ఏడో ట్యూబు చూశాక నేను కిటికీ దగ్గరికి వెళ్లి "మేడమ్, క్యుములస్ మూసుకునే ఉంది, ట్రిగ్గర్ పట్టినట్టు లేదు" అన్నాను. మేడమ్ సూది ఆపి ఒక్క క్షణం ఆలోచించారు. కుడివైపు మిగిలినవి పూర్తిచేసి, ఎడమవైపు ముట్టుకోవద్దని నిర్ణయించారు. ఆ కేసులో మా అందరం చేసిన పనుల్లో అన్నింటికన్నా సరైనది ఇదే అని ఇప్పటికీ నా అభిప్రాయం. రెండువైపులా చేసేసి ఉంటే కాపాడుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

రక్తం పంపాం. ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. 36 గంటలకు ఎల్‌హెచ్ చూసి లాభం లేదు. అగోనిస్ట్ ట్రిగ్గర్‌తో వచ్చే ఎల్‌హెచ్ నాలుగైదు గంటల్లో ఎగసి, ఒక రోజు లోపే చాలావరకు దిగిపోతుంది. కాబట్టి ఆ సమయానికి తక్కువగా ఉండటం మామూలే. చూడాల్సింది ప్రొజెస్టరాన్. ఎల్‌హెచ్ ఎంతసేపు ఉన్నా, అది తాకిన గ్రాన్యులోజా కణాలు ఎస్ట్రాడయోల్ నుంచి ప్రొజెస్టరాన్ వైపు మళ్లుతాయి. అది పోయాక కూడా గుర్తు రక్తంలో ఉంటుంది. ఇన్ని ఫాలికల్స్ ఉన్న మనిషిలో ఈ సమయానికి ట్రిగ్గర్ రోజు కన్నా చాలా రెట్లు పెరిగి ఉండాలి. ఆమెకు వచ్చింది 0.9. ట్రిగ్గర్ రోజు 0.7. అంటే కదలలేదు. ఫాలికల్స్ ఖాళీగా ఉన్నాయన్న మాట అప్పటితో పక్కన పెట్టాం. అవి ఖాళీ కావు, వాటికి కబురు రాలేదంతే.

ఎందుకు రాలేదు? అగోనిస్ట్ తానుగా అండాశయం మీద పనిచేసే మందు కాదు. అది పిట్యూటరీకి వెళ్లి, అక్కడ నిల్వ ఉన్న ఎల్‌హెచ్‌నూ ఎఫ్‌ఎస్‌హెచ్‌నూ బయటికి తోస్తుంది. నిల్వ ఉంటేనే తోస్తుంది. పిట్యూటరీని నడిపే మెదడులోని హైపోథాలమస్ బలహీనంగా ఉండి, ఏళ్ల తరబడి మాత్రలతో అణిగి ఉన్న పిట్యూటరీలో నిల్వ ఎంతుంటుంది? సన్నటి మనిషి, నెలలు తప్పే నెలసరి, ఎల్‌హెచ్ 0.6. మూడూ కళ్ల ముందే ఉన్నాయి. ఏఎంహెచ్ 6.1 చూసి మేమంతా దీన్ని పీసీఓఎస్, అంటే చిన్న ఫాలికల్స్ ఎక్కువై నెలసరి తప్పే సమస్య, ఖాతాలో వేసేశాం. అండాలు బాగా ఉన్న అండాశయం, నిద్రపోతున్న పిట్యూటరీ ఒకే మనిషిలో ఉండొచ్చు.

హెచ్‌సీజీకి పిట్యూటరీతో పనిలేదు. ఎల్‌హెచ్ రిసెప్టర్‌నే నేరుగా పట్టుకుంటుంది. పైగా ఎల్‌హెచ్ రక్తంలో గంట అటూ ఇటూగా సగమైపోతే, హెచ్‌సీజీ ఒక రోజు దాటినా ఇంకా ఉంటుంది. దాని బలం అదే, ప్రమాదం కూడా అదే. కబురు అంతసేపు మోగుతూనే ఉంటే గ్రాన్యులోజా కణాలు రక్తనాళాలను వదులు చేసే వీఈజీఎఫ్‌ను అంతసేపూ చేస్తూనే ఉంటాయి. ఓహెచ్ఎస్ఎస్ వచ్చేది అందుకే.

పేషెంట్ మత్తు దిగాక ఆమెతోనూ భర్తతోనూ మేడమ్ కూర్చున్నారు. నేనూ పక్కనే ఉన్నాను. "అమ్మా, ఇంజెక్షన్ వేశాం గానీ అది మీ శరీరంలో పని చేయలేదు. ఎడమవైపు అలాగే ఉంచాం. ఇంకో రకం ఇంజెక్షన్ ఇస్తే పని చేసే అవకాశం ఉంది. కానీ పొట్ట ఉబ్బే ప్రమాదం దానితో ఎక్కువ. వద్దనుకుంటే ఇక్కడితో ఆపేద్దాం." ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "కుడివైపు తీసినవి పాడైనట్టేనా?" అప్పటికి మా దగ్గర దానికి జవాబు లేదు.

అదే రాత్రి 9 గంటలకు హెచ్‌సీజీ 5,000 యూనిట్లు ఇచ్చాం. మామూలు 10,000 వద్దనుకున్నాం. మధ్యాహ్నం మరో డోసు యాంటాగనిస్ట్ ఇచ్చాం. ఓహెచ్ఎస్ఎస్ తగ్గించడానికి క్యాబర్‌గోలిన్ మొదలుపెట్టాం. ఏ పిండమూ ఈ సైకిల్‌లో లోపల పెట్టకూడదని ముందే ఖాయం చేసుకున్నాం. పిండం పెట్టి గర్భం వస్తే శరీరమే హెచ్‌సీజీ తయారుచేయడం మొదలుపెడుతుంది. అప్పుడు ఓహెచ్ఎస్ఎస్‌కు అడ్డూ ఆపూ ఉండదు. తెల్లవారి రక్తంలో హెచ్‌సీజీ 96, ప్రొజెస్టరాన్ 3.8. ఈసారి గోడ విన్నది.

ఎడమవైపు

36 గంటల తర్వాత, అంటే మొదటి పికప్‌కు రెండు రోజుల తర్వాత ఉదయం, ఎడమవైపు 12 ఫాలికల్స్ నుంచి 10 అండాలు వచ్చాయి. మొదటి ట్యూబులోనే కణాల పొరలు తేలాయి, ద్రవం కాస్త ఎర్రగా ఉంది, జిగురు పిప్పెట్‌కు అంటుకుని సాగింది. నేను కిటికీలోంచి ఏమీ చెప్పలేదు, బొటనవేలు పైకెత్తాను.

36 గంటలే ఎందుకని కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. ఎలుకలో ఈ మొత్తం వ్యవహారం 12 గంటల్లో ముగుస్తుంది. మనిషి అండానికి కూడా అంతే సమయం పడుతుందని మొదట్లో అనుకునేవారు. 1960ల్లో రాబర్ట్ ఎడ్వర్డ్స్ మనిషి అండాలను డిష్‌లో ఓపిగ్గా చూస్తూ కూర్చుని, అవి కదలడానికే ఒక రోజు పడుతుందని, పూర్తిగా తయారవడానికి 36 గంటలు దాటుతుందని తేల్చారు. 1978 జులై 25న లూయీ బ్రౌన్ పుట్టడానికి దారితీసిన సైకిల్‌లో అసలు ట్రిగ్గరే లేదు. తల్లి శరీరంలో సహజంగా ఎగసిన ఎల్‌హెచ్‌ను మూత్రపరీక్షలతో కనిపెట్టి, దాన్నుంచి గంటలు లెక్కపెట్టి ఒకే ఒక్క అండాన్ని తీశారు. మనం ఇప్పుడు రాత్రి పదింటికి అలారం పెట్టుకుని ఇచ్చే ఇంజెక్షన్ అప్పటి ఆ కాపలాకు బదులు వచ్చింది.

రెండు బ్యాచ్‌ల తేడా అన్నింటికన్నా స్పష్టంగా తెలిసింది క్యుములస్ తీసేటప్పుడు. ఇక్సీ, అంటే ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో పెట్టడం, చేయాలంటే అండం చుట్టూ ఉన్న కణాలను హయాలురోనిడేజ్ ఎంజైమ్‌తో విడగొడతాం. ఎడమవైపు అండాలు ఆ చుక్కలో పెట్టిన అర నిమిషంలోనే కణాలు రాలిపోయాయి. కుడివైపు వాటిలో రెండింటిని మొదటి రోజు అదే ఎంజైమ్‌లో పెడితే అసలు కదల్లేదు. సన్నటి పిప్పెట్‌తో పైకీ కిందికీ లాగి లాగి తీయాల్సి వచ్చింది. ఎంజైమ్ పాడైందేమోనని ఒక నిమిషం అనుమానం కూడా వచ్చింది. ఎంజైమ్ బాగానే ఉంది. అది కోసేది హయాలురోనన్‌ను. కుడివైపు కణాలు దాన్ని తయారే చేయలేదు, ఇక కోయడానికి ఏముంది? వాటిని పట్టి ఉంచింది సందుల దగ్గరి పాత అతుకులు మాత్రమే.

ఎడమవైపు పదింటిలో ఎనిమిది ఎం-టూ, అంటే ఫలదీకరణకు సిద్ధమైనవి. ఒకటి ఎం-వన్, అంటే ఇంకా దారి మధ్యలో ఉన్నది, ఒకటి జీవీ. ఎనిమిదింటికి ఇక్సీ చేస్తే ఆరు ఫలదీకరణ చెందాయి, ఐదారు రోజులకు మూడు బ్లాస్టోసిస్టులు, అంటే బాగా ఎదిగిన పిండాలు, అయ్యాయి. మూడింటినీ ఫ్రీజ్ చేశాం.

కుడివైపు ఐదింటి కథ

కణాలు తీసిన రెండూ మొదటి రోజు జీవీలే. మిగతా మూడింటిని కణాలతో సహా మామూలు కల్చర్ మీడియంలో ఉంచాం. అపరిపక్వ అండాల కోసం ప్రత్యేకంగా తయారైన మీడియం మా దగ్గర లేదు. మర్నాడు చూస్తే ఐదింటిలో రెండు ఎం-టూ అయ్యాయి. పింకస్ కుందేళ్ల లాగే, ఆపే కణాల పట్టు వదలగానే తమంతట తాము కదిలాయి. మా జూనియర్ సంబరపడ్డాడు. నేను పడలేదు.

రెండింటికీ ఇక్సీ చేశాం. ఒకటి ఫలదీకరణ చెందింది. మూడో రోజుకు నాలుగు కణాల దగ్గర ఆగి, అక్కడి నుంచి కదల్లేదు.

రెండు అండాలతో ఏమీ తేల్చలేమని నాకు తెలుసు. అయినా ఇలా జరగడం మాకు కొత్త కాదు, కారణం కూడా ఊహకు అందేదే. ఎం-టూ అని మనం చూసేది క్రోమోజోముల సంగతి. అండం లోపలి మిగతా సరంజామా, అంటే మొదటి మూడు రోజులు పిండాన్ని నడపాల్సిన ఆర్ఎన్ఏలు, ప్రొటీన్లు, శక్తి, ఇవన్నీ సిద్ధమవడానికి చుట్టూ ఉన్న కణాలతో సంబంధం ఇంకాసేపు కావాలి. అండం గ్లూకోజ్‌ను తనంతట తాను సరిగ్గా వాడుకోలేదు. క్యుములస్ కణాలే దాన్ని పైరువేట్‌గా మార్చి అందిస్తాయి. అలాంటి అండాన్ని ఒక్కసారిగా బయటికి లాగితే కేంద్రకం ముందుకు పరిగెడుతుంది, మిగతాది వెనకబడుతుంది. అందుకే ఇప్పుడు ఐవీఎం, అంటే అపరిపక్వ అండాలను డిష్‌లో పరిపక్వం చేయడం, చేసే కొన్ని చోట్ల మొదట ఒక రోజు సీఎన్‌పీ కలిపి అండాన్ని కావాలనే ఆపి ఉంచి, ఆ తర్వాతే ఎఫ్‌ఎస్‌హెచ్, యాంఫీరెగ్యులిన్ ఇస్తున్నారు. ఫాలికల్‌లో ఎల్‌హెచ్ చేసే పనిని అదే వరసలో డిష్‌లో చేయడానికి ప్రయత్నం అది. నాకు ఆ పద్ధతి నచ్చడానికి కారణం దాని తర్కం. అండాన్ని తొందరపెట్టడం కన్నా ముందు ఆపి ఉంచడం మేలని అది ఒప్పుకుంటుంది.

ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు అలా దొరికింది. మేడమే ఫోన్ చేసి చెప్పారు.

తర్వాత

పొట్ట ఉబ్బింది. స్కాన్‌లో కొంచెం నీరు కనబడింది. వారం రోజులు ఒకరోజు విడిచి ఒకరోజు చూశాం. అడ్మిట్ చేయాల్సిన అవసరం పడలేదు, నెలసరి వచ్చాక తగ్గింది. రెండు నెలల విశ్రాంతి తర్వాత ఒక బ్లాస్టోసిస్ట్ పెట్టాం, గర్భం రాలేదు. రెండోసారి వచ్చింది. గుండె చప్పుడు కనబడ్డాక ప్రసవం చూసే డాక్టర్ దగ్గరికి పంపాం. మూడోది ఇంకా మా ట్యాంకులో ఉంది.

ఈ కేసు తర్వాత మా దగ్గర మూడు మార్పులు వచ్చాయి, వాటిలో ఒకటే నిజంగా ఉపయోగపడింది. నెలసరి బాగా తప్పేవాళ్లకు, మొదటి రోజు ఎల్‌హెచ్ మరీ తక్కువ ఉన్నవాళ్లకు అగోనిస్ట్ ఒక్కటే ఇవ్వకుండా కొద్దిగా హెచ్‌సీజీ కలపాలని రాసుకున్నాం. అలాంటి పేషెంట్ వస్తే అప్పటికప్పుడు మళ్లీ చర్చ జరుగుతూనే ఉంటుంది, ఓహెచ్ఎస్ఎస్ భయం అంత తేలిగ్గా పోదు. తేదీల కోసం మాత్రలు ఇవ్వడం తగ్గించాలనుకున్నాం, పూర్తిగా తగ్గలేదు. అసలు పనికొచ్చింది మూడోది. అగోనిస్ట్ ఇచ్చిన ప్రతి ఒక్కరికీ మర్నాడు ఉదయం, అంటే 12 గంటలకు, ఎల్‌హెచ్, ప్రొజెస్టరాన్ చూస్తున్నాం. ఎల్‌హెచ్ 15 కన్నా తక్కువ ఉంటే అనుమానించాలన్నది చాలామంది పాటించే లెక్క. 36 గంటలకు చూసి లాభం లేనిది 12 గంటలకు చూస్తే చాలా చెబుతుంది.

ల్యాబ్ వైపు నుంచి నేను చేసిన మార్పు ఒకటుంది. పికప్ షీట్‌లో అండాల సంఖ్య రాసే గడికి ముందే మొదటి అండం క్యుములస్ ఎలా ఉందో రాసే గడి పెట్టించాను. విచ్చుకుందా, సగమా, మూసుకుందా. మొదటి అండం దొరకగానే థియేటర్‌లోకి చెప్పాల్సింది ముందు అది.

అది పెట్టిన ఏడాదిలో ఒకసారి ఉదయం 10 గంటలకు ఎల్‌హెచ్ రిపోర్ట్ 9 అని వచ్చింది. వయసు 31, బీఎంఐ 19. ఆ రోజే హెచ్‌సీజీ ఇచ్చి పికప్‌ను వాయిదా వేశాం. రెండువైపుల నుంచి 14 అండాలు వచ్చాయి, మొదటి గడిలో "విచ్చుకుంది" అని రాశాను.